చావింటికి ఏం తీసకపోవాలి, ఎప్పుడు పోవాలి: మా నెల్లూరు లెక్కలో

తెలిసినోళ్ళింట్లో ఎవరో పోయారు. పలకరించడానికి పోవాలి, వట్టి చేతుల్తో పోలేం, ఏం తీసకపోవాలో తోచదు. దార్లో బండి ఆపి అరడజను ఆపిల్స్, ఓ హార్లిక్స్ సీసా కవర్లో వేయించుకుని పోతాం. నేనూ ఏళ్ళ తరబడి ఇదే చేశా, తప్పని ఎప్పుడూ అనిపించలా.

మే నెల్లో మా నాయన పోయినప్పుడు తెలిసొచ్చింది. ఐదో రోజుకి మా హాల్లో ఏడు హార్లిక్స్ సీసాలు, మూడు సంచుల బత్తాయిలు, లెక్కలేనన్ని అరటిపళ్ళు. నెల్లూరు ఎండల సంగతి మీకు తెలిసిందే గదా, రెండ్రోజులకే అరటిపళ్ళు నల్లగా అయిపోయి ఈగలు ముసిరినాయి. రాత్రి పదకొండింటికి మా వదినె, కళ్ళు వాచిపోయి ఉన్న మనిషి, ఆ పళ్ళన్నీ ఏరి బాగున్నవి ఒక పక్కకి బాగలేనివి ఒక పక్కకి పెడతా కూర్చోనుంది. అప్పుడనిపించింది, మనం తీసకపోయేది ఆ ఇంటికి పని పెంచుతుందా తగ్గిస్తుందా అని ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలని. దీన్ని ఎవరు కొయ్యాలి, ఎవరు కడగాలి, యాడ పెట్టాలి, గిన్నె ఎవరు తిరిగివ్వాలి. ఈ నాలుగూ మనసులో వేసుకుని ఆ తర్వాతే కొట్టుకి పోండి.

ముందు రోజులు లెక్కపెట్టుకోండి

ఏం తీసకపోవాలనేది మీరు ఏ రోజు పోతున్నారనేదాన్ని బట్టి ఉంటది. మొదటి మూడ్రోజులు ఒక లెక్క, అక్కడ్నించి పెద్దదినం, అంటే పెద్దకర్మ, దాకా ఒక లెక్క, చుట్టాలంతా ఎళ్ళిపోయాక ఇంకో లెక్క. పెద్దదినం కూడా అందరికీ ఒక రోజు రాదు, కొందరికి తొమ్మిది, కొందరికి పదకొండు, కొందరికి పదమూడు, కులాన్ని బట్టి ఇంటిని బట్టి మారతది, కాబట్టి మీకు మీరే ఊహించుకోబాకండి, ఆ ఇంటి అల్లుడికో మేనల్లుడికో ఫోన్ చేసి అడగండి. చనిపోయినాయన భార్యకో కొడుక్కో చెయ్యబాకండి, వాళ్ళకి అప్పటికే వంద ఫోన్లు వచ్చుంటాయి. మంగళవారం, శుక్రవారం పలకరింపుకి రావడం చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు, మీకు నమ్మకం లేకపోయినా అవతల ఒక ముసలామె ఉంటది గదా, ఆమె కోసం బుధవారం పోతే పోయేదేముంది.

మొదటి మూడ్రోజులు: తిండి, నీళ్ళు, టీ

పొయ్యి వెలిగించరు. అందుకని తిండి బయటినించి రావాల్సిందే, ఇది కొత్తగా కనిపెట్టింది కాదు, మన జేజమ్మల కాలం నించీ ఉన్నదే. ఇక్కడే అందరూ ఒక తప్పు చేస్తారు, ఒకే రోజు మధ్యాహ్నం నాలుగిళ్ళ నించి నాలుగు క్యారేజీలు వస్తాయి, రాత్రికి ఎవరూ తేరు. కాబట్టి అడిగి పూట పంచుకోండి, మీది రెండో రోజు రాత్రి అనుకుంటే ఆ పూట మీదే.

మాకు ఎదురింటి అత్త చేసింది చెప్తా. బోడిగాడితోట శ్మశానం నించి మేము తిరిగొచ్చి స్నానాలు చేసేసరికి సాయంత్రం నాలుగైంది, ఎవరికీ ఆకలి లేదు, ఉన్నా అడగలేం. ఆమె రెండు క్యారేజీలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒకదాంట్లో మెత్తగా వండిన చారన్నం, ఒకదాంట్లో పెరుగన్నం, నంజుకోడానికి నిమ్మకాయ ఊరగాయ. మూతల మీద ఆమె ఇంటిపేరు చెక్కించి ఉంది. విస్తరాకులు, పేపర్ గ్లాసులు కూడా తనే తెచ్చింది. పోతా పోతా మా వదినెతో ఒక్క మాట అంది, "గిన్నెలు కడగబాక మే, ఎట్టా ఉన్నవి అట్టా పెట్టు, రాత్రికి నేనే వచ్చి తీసకపోతా". అంతే. ఓదార్పు మాటలు ఏమీ చెప్పలా. ఆ క్యారేజీలో చారన్నం మా అమ్మ నాలుగు ముద్దలు తినింది, ఆ రోజు ఆమె తినింది అదే.

వండేటప్పుడు కారం తగ్గించండి, ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయి ఉంటది. ఇడ్లీ, ఉప్మా, చారన్నం, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, ఇవి చాలు. స్వీట్లు తీసకపోబాకండి. మన నెల్లూరోళ్ళకి చుట్టాలొస్తే చేపల పులుసు గుర్తొస్తది గానీ ఇప్పుడు దాని టైం కాదు, ఆ ఇంట్లో నీసు ఎప్పుడు ముట్టుకుంటారో వాళ్ళిష్టం.

వండలేనోళ్ళు బాధపడాల్సిన పన్లేదు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు నాలుగు ఇంటికి వేయించండి, మే నెల్లో అయితే ఆరు. పెద్ద ఫ్లాస్కులో టీ, పక్కన చక్కెర లేని టీ ఇంకో చిన్న ఫ్లాస్కులో, వచ్చినోళ్ళలో సగం మంది షుగర్ ఉన్నోళ్ళే ఉంటారు. మజ్జిగ ఒక బిందెడు. ఇంకోటి, ఎవరూ అనుకోనిది, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు చార్జర్లు. చావింట్లో అందరి ఫోన్లూ పొద్దుగూకులూ మోగతానే ఉంటాయి, దూరంనించి రావాల్సినోళ్ళు ఆ ఫోన్లకే చేస్తారు, మా బామ్మర్ది ఒకడు ఇది తెచ్చి గోడ పక్కన పెట్టి పోయాడు, మూడ్రోజులు ఆ బాక్సు చుట్టూ జనమే.

పూలదండ సంగతి. ఒకటి తీసకపోండి, చామంతిదో రోజాదో, చిన్నబజారులో కట్టించుకోండి, సరిపోతది. బొకేలు మనకి అలవాటు లేదు, ప్లాస్టిక్ కాయితం చుట్టినవి దేహం మీద పెట్టేదానికీ లేదు తీసి పారేసేదానికీ లేదు.

డబ్బులివ్వాలనుకుంటే

ఇవ్వండి, మొహమాటపడబాకండి, ఆస్పత్రి బిల్లు కట్టి వచ్చిన ఇంటికి డబ్బుకంటే పనికొచ్చేది లేదు. కానీ భార్య చేతిలో నలుగురి ముందు పెట్టబాకండి. ఆ ఇంట్లో ఖర్చులు చూసేవాడు ఒకడుంటాడు, చిన్నాయనో పెద్దల్లుడో, ఆయన్ని పక్కకి పిలిచి కవరు ఇవ్వండి, కవరు మీద మీ పేరు రాయండి, ఎందుకంటే తర్వాత వాళ్ళు నోటుబుక్కులో రాసుకుంటారు. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు శుభానికి, ఇక్కడ వెయ్యి అంటే వెయ్యి, రెండువేలంటే రెండువేలు. ఫోన్లో పంపిస్తే మెసేజీ దగ్గర బొమ్మలు గట్రా పెట్టకుండా చూసుకోండి, మాకు ఒకాయన రెండువేలు పంపించాడు, దాంతో పాటు టపాకాయలు పేలతా ఉండే బొమ్మ కూడా వచ్చింది. పాపం ఆయన చూసుకోలా.

పెద్దదినానికి బియ్యం ఇస్తామంటే పాత బియ్యం ఇవ్వండి. వందమందికి వండేటప్పుడు కొత్త బియ్యం ముద్దయిపోతాయి, వంటాయన తిట్టుకుంటాడు. పాతిక కేజీల మూట ఒకటి నేరుగా వంట చేసే కాడికి చేర్పించండి, ఇంట్లోకి కాదు.

ఇంట్లో ఎవరు మందులు మింగుతున్నారో చూడండి

దీన్ని గిఫ్టు అని ఎవరూ అనుకోరు గానీ నేను అనుకుంటా. మా అమ్మకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, మూడ్రోజులు మాత్ర మింగలేదని నాలుగో రోజు కళ్ళు తిరిగితే గానీ మాకు తెలీలా. మా పెద్దనాయన కూతురు ఖాళీ అయిన మాత్రల షీటు ఫోటో తీసుకుని మందుల షాపుకి పోయి నెలకి సరిపడా తెచ్చింది, పొద్దున రాత్రి అని కాయితాలు కట్టి చిన్న డబ్బాల్లో పెట్టింది. ఆ పిల్ల పెట్టిన ఖర్చు ఎంతో తెలీదు, అడిగితే చెప్పలా.

పిల్లలు కూడా అంతే, పెద్దోళ్ళ ఏడుపులో వాళ్ళని ఎవరూ పట్టించుకోరు. పరీక్షలుంటే దించి రండి. ఒక సాయంత్రం మైపాడు బీచికి తీసకపోండి, ఇసకలో ఆడుకోనియ్యండి, తాత గురించి వాళ్ళే ఏదో అడుగుతారు, తెలిసినంత చెప్పండి.

చీర సంగతి

భర్త పోయినామెకి పుట్టింటోళ్ళు చీర పెడతారు, మీరు అన్నో తమ్ముడో అయితే ఇది మీ నెత్తినే పడతది. చాలామంది కొట్లో అడిగి తెల్లదో బూడిద రంగుదో ఏదో ఒకటి పట్టకొస్తారు. ఆమెని అడగండి. నేరుగా అడగలేకపోతే కూతుర్నడగండి. మా అమ్మకి మా మామ లేత ఆకుపచ్చ చేనేత చీర తెచ్చాడు, సన్న అంచుది, "నీకు ఈ రంగిష్టం గదక్కా" అన్నాడు. కొందరు మొహాలు ముడిచారు, ముడుచుకోనీ. ఇప్పటికీ డాక్టరు కాడికి పోవాలంటే ఆమె ఆ చీరే కడతది. బొట్టు, గాజుల విషయంలో కూడా ఆమె ఎట్టా ఉండాలనుకుంటే అట్టా ఉండనిచ్చే మనిషి ఒకరు పక్కనుండాలి, నా మటుకు నాకు ఏ చీరకన్నా అది పెద్దది.

పదిహేనో రోజు తర్వాత పోండి

అసలు చెప్పాలనుకున్నది ఇదే. పెద్దదినం అయిపోయి షామియానా ఇప్పేశాక, చుట్టాలు బస్సులెక్కి రైళ్ళెక్కి ఎళ్ళిపోయాక, ఆ ఇల్లు ఎట్టా ఉంటదో లోపలున్నోళ్ళకే తెలుసు. మాకైతే పదహారో రోజు నించి తలుపు కొట్టినోడే లేడు. మీరు ఇచ్చేది ఏదైనా సరే దాచిపెట్టుకోండి, అప్పుడు తీసకపోండి. ఆపిల్ పళ్ళైనా సరే, అప్పుడు తింటారు.

ఇరవయ్యో రోజు అనుకుంటా, ఆర్టీసీలో మా నాయనతో పాటు చేసిన రిటైరైన డ్రైవరాయన వచ్చాడు. నాయన కండక్టర్. ఆయన చేతిలో ఒక పాత ఫోటో, డిపోలో పదిమంది నిలబడి తీయించుకున్నది, దాన్ని స్టూడియోలో పెద్దది చేయించి పైన ప్లాస్టిక్ కాయితం వేయించి తెచ్చాడు. ఒరిజినల్ తన కాడ పెట్టుకుని కాపీ మాకిచ్చాడు. అందులో మా నాయనకి నెత్తినిండా జుట్టు, చొక్కా జేబులో టికెట్ల కట్ట, పక్కోడి భుజం మీద చెయ్యేసి పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వుతా ఉన్నాడు. మా ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో ఆయన ఆధార్ కార్డు మొహంతోనే ఉంటాడు, నవ్వే నాయన్ని మా చెల్లెలు ఎరగదు. ఆయన కూర్చుని గంటసేపు చెప్పాడు, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి రాత్రి బస్సు నడిపేటప్పుడు పూలబుట్టలోళ్ళు వచ్చేదాకా నాయన బస్సు కదలనిచ్చేవాడు కాదంట, టైం అయిపోతాందని ఈయన హారన్ కొడితే "ఆ ఆడోళ్ళు రాత్రికి యాడ పడుకుంటారన్నా, రెండు నిమిషాలు ఆగు" అనేవాడంట. ఆ రోజు మా అమ్మ మొదటిసారి నవ్వింది.

కాబట్టి మీ దగ్గర ఫోటో ఉంటే వెతకండి. పెళ్ళి ఆల్బముల్లో మూలన నిలబడ్డదైనా పర్లేదు. కాపీ చేయించండి, ఫోన్లో పంపించడం వేరు, కాయితం మీద చేతికివ్వడం వేరు. పెద్ద ఫ్రేము కట్టించబాకండి, గోడ మీద పెట్టే ఫోటో ఏదనేది ఆ ఇంటోళ్ళు తేల్చుకుంటారు, మీరు కట్టిస్తే పెట్టలేరు తీసేయలేరు. ఫోటో లేకపోతే జరిగిన సంగతి ఒకటి తెల్లకాయితం మీద రాసివ్వండి, అరపేజీ చాలు. "ఎట్టా పోయాడు, ముందు రోజు ఏం తిన్నాడు, ఏ ఆస్పత్రికి తీసకపోయారు" అని మాత్రం అడగబాకండి, ఆ కథ వాళ్ళు అప్పటికే రెండొందలసార్లు చెప్పుంటారు.

ఇంకొకటి. పోయినాయన వాట్సాప్‌లో మీకు పంపిన వాయిస్ మెసేజీలు ఉంటే తుడిచెయ్యబాకండి, అన్నీ ఒకచోట దాచి పిల్లలకి ఇవ్వండి. ఆయన ఫోన్ నంబరుకి రీచార్జి చేయించండి, ఇది రెండు రకాలుగా పనికొస్తది. బ్యాంకు, గ్యాసు, ఇన్సూరెన్సు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి, అది ఆగిపోతే ఆ పనులన్నీ ఆగిపోతాయి. రెండోది మీరే అర్థం చేసుకోండి, మా చెల్లెలు ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ నంబరుకి ఫోన్ కొడతది.

కాయితాల పని చేసిపెట్టండి

ఆఫీసుల్లో పని తెలిసినోళ్ళైతే మీరివ్వగలిగినంత పెద్ద గిఫ్టు ఇంకొకరు ఇవ్వలేరు. మరణ ధృవీకరణ పత్రానికి 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే ఫీజు లేదు, దాటితే లేటు ఫీజు, ఏడాది దాటితే పెద్దాఫీసర్ల సంతకాల దాకా పోతది. ఇంట్లో పోతే మున్సిపాలిటీ లేదా మీ ఊరి, వార్డు సచివాలయం, ఆస్పత్రిలో పోతే ఆస్పత్రోళ్ళే పంపిస్తారు, పంపించారో లేదో కనుక్కోండి. పత్రం వచ్చాక పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూడండి. మా కాడ ఒక అక్షరం తేడా పడింది, ఎక్కడ పడిందో ఇప్పుడెందుకులే, దిద్దించుకోడానికి మూడు నెలలు తిరిగాం. కాపీలు ఎనిమిదో పదో తీయించి ఒక ఫైల్లో పెట్టివ్వండి. దాంతో పాటు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లికేషన్ పెట్టించండి, బ్యాంకోళ్ళు చాలాసార్లు అడిగేది ఇదే.

తర్వాత పాసుబుక్కు తీసి చూడండి. మే నెలాఖర్లో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 55 ఏళ్ళ లోపు పోయినోళ్ళకి 2 లక్షలు రావాలి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది సురక్షా బీమా, యాక్సిడెంటులో పోతే ఇంకో 2 లక్షలు. చాలా ఇళ్ళల్లో ఈ కటింగులు ఏంటో కూడా తెలీదు, బ్యాంకోళ్ళు వాళ్ళంతట వాళ్ళు పిలిచి చెప్పరు. ఉద్యోగంలో ఉండి పోతే పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంది, గరిష్ఠంగా 7 లక్షల దాకా. పెన్షన్ తీసుకుంటా పోతే భార్యకి రావాల్సిన భాగం ఉంటది, దానికి ఫారం నింపాలి. ఏటీఎం కార్డు తీసకపోయి ఆయన ఖాతాలో డబ్బులు లాగేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆపండి, తర్వాత అన్నదమ్ముల మధ్య అదే పెద్ద గొడవైతది.

"ఏమన్నా కావాలంటే చెప్పు" అనబాకండి, ఎవరూ చెప్పరు. "సోమవారం పదింటికి బండేసుకుని వస్తా, ఆధార్లు, పాసుబుక్కులు తీసిపెట్టు" అనండి.

వేరే మతం వాళ్ళింటికైతే

ముస్లింల ఇళ్ళల్లో మొదటి మూడ్రోజులు పక్కోళ్ళు, చుట్టాలు భోజనం పంపించడం వాళ్ళ పద్ధతిలోనే ఉంది, మీరూ పంపించొచ్చు, ఏం పంపించాలో ముందు అడగండి. భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో, అంటే భర్త పోయాక పాటించే గడువులో, ఉంటది, ఆ రోజుల్లో బయటికి పెద్దగా రాదు కాబట్టి సరుకులు, మందులు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు లాంటి పనులు ఇంటికాడికే చేసిపెట్టేవాళ్ళు కావాలి. క్రైస్తవుల ఇళ్ళల్లో పూలచక్రం బాగానే ఒప్పుకుంటారు, జ్ఞాపకార్థ కూడికకి కుర్చీలో, భోజనాలో, పాటల కాయితాల జిరాక్సో మీరు పెట్టుకోవచ్చు. క్యాథలిక్కులైతే నవంబర్ 2న సమాధుల కాడికి పోతారు, దానికి వారం ముందు సమాధికి సున్నం వేయించి పెడితే చాలా గుర్తుంచుకుంటారు.

మొదటి పండగ, ఏడాది

సంక్రాంతికి ఆ ఇంట్లో బూరెల మూకుడు పెట్టరు. పక్కిళ్ళల్లో నూనె వాసన వస్తా ఉంటది, పిల్లలు మొహాలు చూస్తా ఉంటారు. అప్పుడు అరిసెలు, చెక్కలు డబ్బాలో పోసి పంపించండి, చుట్టాలే పంపించాలని రూలేం లేదు.

సంవత్సరీకం రోజు కూడా ఫోన్లో గుర్తుపెట్టుకోండి, కానీ ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే తప్పిపోతది, వాళ్ళు తిథి ప్రకారం చేస్తారు, పది ఇరవై రోజులు అటూ ఇటూ వస్తది. నెల ముందే అడిగి రాసుకోండి. ఆ పొద్దున ఇంట్లో బియ్యం ఉంటాయి, కూరగాయలు ఉంటాయి, అయ్యవారికి ఇచ్చేవి ఉంటాయి, అన్నీ గుర్తుపెట్టుకుని తెచ్చుకుంటారు గానీ అరిటాకులు మర్చిపోతారు, ప్రతి ఇంట్లో ఇదే, తొమ్మిదింటికి ఎవడో ఒకడు బండేసుకుని పరిగెత్తతాడు. ముందురోజు సాయంత్రమే ఒక కట్ట తీసకపోయి తడిగుడ్డ చుట్టి పెట్టి రండి.